చెరువు చేపకు పెట్టుబడి ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మంచినీటి చెరువుల్లో చేప తగ్గిపోతున్న సంగతి గురించి రెండు సంచికల కింద ఈ శీర్షికలో రాసినప్పటి నుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పాఠకులు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. అడిగే తీరు వేరైనా దాదాపు అన్నిటిలోనూ ఉన్నది ఒక్కటే ప్రశ్న: చెరువును బాగు చేసుకోవడానికి డబ్బు ఎవరిస్తారు? ఒకే రకమైన ఉత్తరాలను కలిపి ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. తక్కినవాటికి కావలసిన జవాబులో సగం అందులోనే ఉంది.

*ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. సుమారు 40 ఎకరాల చెరువు మీద మా మత్స్యకార సహకార సంఘంలోని 60 కుటుంబాలు ఆధారపడి ఉన్నాయి. మా నాన్నగారి రోజుల్లో వైశాఖం దాకా చెరువులో నీళ్లుండేవి. ఇప్పుడు శివరాత్రి వెళ్లేసరికి మదుము (తూము) దగ్గర చిన్న గుంట తప్ప అంతా బీటలే. ఏటా చేపపిల్లలు వేస్తున్నాం, ఎదగకుండానే పట్టేస్తున్నాం. పిల్లల మీద సబ్సిడీ ఇంకా ఎక్కువ రావాలంటే ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?*
*– ఒక సంఘం కార్యదర్శి*

జవాబు: అర్జీ రాసే ముందు ఒక లెక్క చూడండి. మీరు పిల్లలు వేసేది చెరువు నిండాక, అంటే ఆగస్టు చివరిలోనో సెప్టెంబరులోనో. శివరాత్రికి నీరు పోతే చేపకు దక్కేది ఆరు నెలలు. బొచ్చె, శీలావతి వేలెడంత పిల్ల నుంచి కిలో బరువుకు రావాలంటే, మేత బాగా దొరికే చెరువులోనైనా, పది నెలల నుంచి ఏడాది పడుతుంది. ఇప్పుడు వేసేదానికి రెట్టింపు పిల్లలను ఎవరైనా ఉచితంగా ఇచ్చినా ఆ ఆరు నెలలు ఏడు కావు. ఉన్న నీటినీ ఉన్న మేతనూ రెట్టింపు నోళ్లు పంచుకుంటాయి కనుక, ఈనాడు పావుకిలో తూగుతున్న చేప ఇంకా చిన్నదవుతుంది, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే మీ ఆడవాళ్లకు గిట్టుబాటు ధర పలకదు. కాబట్టి మీరు అర్జీ పెట్టవలసింది పిల్లల కోసం కాదు, ఇంకో మూడు నెలలు నిలిచే నీటి కోసం.

చేపపిల్లలకు డబ్బు తేలిగ్గా రావడానికి కారణం ఉంది. లారీ దిగిన పిల్లలను లెక్కపెట్టవచ్చు, రసీదు రాయవచ్చు, ఫొటో తీయవచ్చు. వేసవిలో మిగిలిన నాలుగడుగుల నీటికి రసీదు ఎవరూ రాయరు. అందుకే పథకాల డబ్బు కంటికి కనిపించే వస్తువు వైపే పోతుంది. సంఘం అయినా ఈ తేడా గ్రహించి అడగకపోతే ఏటా అదే పిల్ల, అదే పావుకిలో.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. బొచ్చె, శీలావతి, మోసు ఏటి చేపలు. పారే వరద నీరు లేనిదే అవి గుడ్లు పెట్టవు, నిలవ నీటి చెరువులో ఎంత పెరిగినా సంతతి ఉండదు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలికున్హి గ్రంథి రసం ఎక్కించి వాటిచేత గుడ్లు పెట్టించిన తరువాతే హేచరీల్లో పిల్లలను తయారుచేయడం సాధ్యమైంది. ఆ రోజునే మనం జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకుంటున్నాం. అది గొప్ప విజయమే, కాని దాని వల్ల ఏటా పిల్లలు కొనక తప్పని పద్ధతి కూడా వచ్చింది. అదే చెరువులో కొర్రమేను, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి, పరిగె వంటి నాటు చేపలూ ఉన్నాయి. వీటిని ఎవరూ కొని వేయనవసరం లేదు. వేసవి దాటి కొన్ని పెద్ద చేపలు బతికి ఉంటే చాలు, తొలకరికి ఒడ్డున గడ్డిలో, తూడులో అవే గుడ్లు పెడతాయి. కొర్రమేను జంట తమ పిల్లలను ఎలా కాస్తుందో మీ సంఘంలో పెద్దవాళ్లందరికీ తెలుసు. గుప్పెడు ఎర్రటి పిల్లలు నీటిపైన బుడగల్లా మసలుతుంటే తల్లీతండ్రీ కింద అడుగు దూరంలోనే తిరుగుతుంటాయి. ఆ గుంపును దోమతెర గుడ్డతో ఎత్తేసిన నాడు మీరు పట్టింది అరకిలో పిల్లలను కాదు, వచ్చే ఏటి అమ్మకాన్ని. సంతలో కిలో కొర్రమేను ధర, కిలో శీలావతి ధర పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఏ చేప కోసం నీరు నిలపాలో మీకే తెలుస్తుంది.

ఇక పూడిక సంగతి. చెరువంతా తవ్వించాలన్న ఆలోచన మానుకోండి. ఒక ఎకరం మీద ఒక అడుగు మందాన ఉన్న మట్టి సుమారు 1,230 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రాలీ మూడు ఘనపు మీటర్లు మోస్తుందనుకుంటే నాలుగు వందల ట్రాలీలు. 40 ఎకరాల మీద ఒక్క అడుగు తీయాలంటే 16,000 ట్రాలీలు. అంత చేసినా అన్నిచోట్లా అడుగే లోతు పెరుగుతుంది, ఆ పల్చటి నీరు ఎండకు ముందే వేడెక్కి ఆవిరైపోతుంది. దాని బదులు చెరువు గర్భంలో సహజంగా పల్లమైన చోట, గట్టుకు బాగా ఎడంగా, రెండెకరాల మేర ఐదు అడుగులు లోతు చేయించండి. అది 4,000 ట్రాలీల పని, మూడు వేసవుల్లో పూర్తి చేయవచ్చు. చెరువు మొత్తం ఎండినా ఆ మడుగులో తల్లి చేపలు మిగులుతాయి. తవ్వేటప్పుడు అడుగున ఉన్న జిగురుమట్టి పొరను మాత్రం చీల్చనివ్వకండి. నీటిని పట్టి ఉంచేది ఆ పొరే. ఇసుక తగిలేదాకా తవ్వి, నిండిన నీరు నెల తిరక్కుండా ఇంకిపోయిన చెరువులను నేను చూశాను. అలాగే ఒడ్డున మోకాలి లోతు నీరుండే గడ్డి అంచును ముట్టుకోకండి, చేప గుడ్లు పెట్టేది అక్కడే.

ఈ పనికి డబ్బు మూడు చోట్ల నుంచి రావాలి. కూలి మాట: సంప్రదాయ చెరువుల పూడికతీత, పునరుద్ధరణ గ్రామీణ ఉపాధి పథకంలో మొదటి నుంచీ అనుమతి ఉన్న పని. ఏ పని ఎక్కడ చేయాలో గ్రామసభలో నిర్ణయమవుతుంది కనుక, మడుగు హద్దులు గుర్తించిన చేతిపటంతో సహా మీ ప్రతిపాదన ఆ సభలో నమోదు కావాలి. లేకపోతే ఎక్కడ వీలైతే అక్కడ చారెడు చారెడు గోకి వెళతారు. మోత మాట: చెరువు ఒండ్రు పొలానికి బలం. తన ట్రాక్టరు తానే తెచ్చుకుని తోలుకుపోయే రైతు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మట్టి మోత రైతుల మీదే పెట్టారు. మూడవది మీ సంఘం సొంత డబ్బు. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి.

చేప అమ్మిన ప్రతి రూపాయిలో పది పైసలు చెరువు ఖాతాలో వేయండి. సంఘం మామూలు ఖాతా కాకుండా వేరే ఖాతా తెరవండి. అధ్యక్షుడు, కార్యదర్శితో పాటు చేపలు అమ్మే ఆడవాళ్లలో ఒకరి సంతకం కూడా ఉంటే గాని తీయడానికి వీల్లేని ఖాతా అది. ఇందులోంచి భవనానికి గాని, సన్మానానికి గాని, పండగ చందాకు గాని పైసా ఖర్చు కాకూడదు. ఎందుకంటే 2020లో కేంద్రం మొదలుపెట్టిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వంటి పథకంలో లబ్ధిదారుకు వచ్చే సాయం సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం. మిగిలింది మనమే పెట్టుకోవాలి. ఆ వాటా చేతిలో లేని సంఘాలు దాని కోసం వ్యాపారి దగ్గర అప్పు చేస్తాయి. అప్పు ఇచ్చిన వ్యాపారి చేప మొత్తం తనకే, తను చెప్పిన ధరకే తోలాలంటాడు. సబ్సిడీ వచ్చిన ఏడాదే సంఘం చితికిపోవడం ఇలా జరుగుతుంది. మీరు అడిగే నాటికి ఏ పథకానికి ఏ నిబంధనలు అమలులో ఉన్నాయో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా తీసుకోండి.

డబ్బుతో పని లేని మాట ఒకటుంది, అన్నిటికన్నా కష్టం అదే. శృంగవరపుకోట వైపు ఒక పల్లెలో మదుము రాతి మీద జానెడు ఎర్ర గీత చూశాను. నీరు ఆ గీతకు దిగాక మదుము ఎత్తకూడదని ఆయకట్టు రైతులూ చేపలు పట్టేవారూ కూర్చుని ఒప్పుకున్నారు. దానికి బదులుగా మదుము తలుపు మరమ్మతు, గెడ్డ (వాగు) నుంచి చెరువుకు వచ్చే కాలువలో తుప్పలు కొట్టించడం చేపలవారి సంఘం తన మీద వేసుకుంది. గీత గీసిన రంగు డబ్బా ఖర్చు ఎంతో అడిగితే నవ్వారు గాని, ఆ గీత కోసం రెండు వేసవులు పంచాయతీలు జరిగాయట. రైతు పక్షాన కూడా న్యాయం ఉంది, ఆఖరి తడి లేకపోతే అతని పంటా పోతుంది. అందుకే గీతను కార్తీకంలో, చెరువు నిండుగా ఉన్నప్పుడు నిర్ణయించుకోవాలి. మాఘంలో మొదలుపెట్టిన మాట తగువుగా ముగుస్తుంది.

*ప్రశ్న: మాది గరివిడి ప్రాంతం. గనుల తవ్వకపు మట్టి వానలకు కొట్టుకొచ్చి మా ఊరి చెరువులో పేరుకుంటోంది. నీటి రంగే మారిపోయింది. గనుల నుంచి వచ్చే డబ్బు జిల్లాలో ఏదో నిధిలో ఉంటుందని, దాన్ని ఊళ్లకు ఖర్చు చేస్తారని మా పొదుపు సంఘంలో అన్నారు. చెరువుకు అడగవచ్చా?*
*– ఒక పొదుపు సంఘం సభ్యురాలు*

జవాబు: అడగవచ్చు, తప్పకుండా అడగాలి. గనులు, ఖనిజాల చట్టానికి 2015లో చేసిన సవరణతో గనులున్న ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ నిధి సంస్థ ఏర్పడింది. గని యజమానులు ప్రభుత్వానికి కట్టే రాయల్టీతో పాటు దానిలో కొంత శాతం ఈ నిధికి కూడా జమచేయాలి. ఆ డబ్బు గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం, అక్కడి మనుషుల కోసం. దాని ఖర్చుకు ప్రధానమంత్రి ఖనిజ్ క్షేత్ర కల్యాణ్ యోజన మార్గదర్శకాలున్నాయి. వాటి ప్రకారం పెద్ద వాటాను తాగునీరు, వైద్యం, విద్య, పర్యావరణ పరిరక్షణ, కాలుష్య నివారణ వంటి ముఖ్య రంగాలకే ఖర్చు చేయాలి. గరివిడి, చీపురుపల్లి ప్రాంతం మాంగనీసు గనులకు పేరుపడినది కాబట్టి మీ కోరిక నిబంధనల్లో ఇమిడేదే.

అయితే "మా చెరువు బాగు చేయండి" అని ఒక్క వాక్యం రాస్తే ఆ కాగితం కట్టల్లో కలిసిపోతుంది. మట్టి ఏ వాగు వెంట వస్తోంది, ఏ నెలలో ఎక్కువ, చెరువులో ఎన్ని అడుగులు పేరుకుంది, ఎన్ని కుటుంబాలు చేపలు పట్టేవి, ఇప్పుడు ఎన్ని మానేశాయి – ఇవి గ్రామసభ తీర్మానంలో అంకెలతో ఉండాలి. నీటినీ అడుగు మట్టినీ పరీక్ష చేయించమని అదే తీర్మానంలో మొదటి కోరికగా రాయండి. అది తేలకుండా చేపపిల్లలు వేయకండి, ఆ చెరువు చేపను పిల్లలకు పెట్టకండి.

పనుల వరసలో చెరువు లోపల తవ్వడం ఆఖరిది. పైన వాగు మీద మట్టి నిలిచే గుంటలు, రాతి అడ్డుకట్టలు, గుట్టగా పోసిన మట్టి జారకుండా గడ్డి, చెట్లు ముందు రావాలి. లేకపోతే ఈ వేసవి తీసిన మట్టి వచ్చే శ్రావణానికి తిరిగి వచ్చి కూర్చుంటుంది. సన్నటి మట్టి తేలే నీటిలో చేప మొప్పలు పూడుకుపోతాయి, వెలుతురు దిగక నాచు కూడా పెరగదు. అడ్డుకట్ట గుంటల్లో నిండిన మట్టిని ఏటా తీయించే ఖర్చును కూడా ప్రతిపాదనలో రాయించండి. కట్టేటప్పుడు అందరూ ఉంటారు, తీసేటప్పుడు ఎవరూ ఉండరు.

*ప్రశ్న: టెక్కలి దగ్గర మా పంచాయతీకి చెరువు వేలం పాటే పెద్ద ఆదాయం. మూడేళ్లుగా బయటి ఊరి గుత్తదారు ఎక్కువ పాడి తీసుకుంటున్నాడు. కోళ్ల వ్యర్థాలు తెచ్చి పోస్తున్నాడు, చివర్లో ఇంజిన్లు పెట్టి నీరంతా తోడేసి ఆఖరి చేప దాకా పట్టుకుపోతున్నాడు. వద్దంటే ఆదాయం పోతుందని సభ్యులు అంటున్నారు. ఏం చేయాలి?*
*– ఒక వార్డు సభ్యుడు*

జవాబు: మీ పంచాయతీ ఏటా ఏడాదికే పాట పెడుతున్నట్టుంది. ఏడాది గుత్తదారుకు వచ్చే ఏటి చేప మీద హక్కు లేదు, కనుక దాని మీద దయ కూడా ఉండదు. అతని స్వభావాన్ని తప్పుపట్టే ముందు మన గుత్త కాగితాన్ని సరిదిద్దుకోవాలి.

రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన విషయాలలో చిన్న నీటిపారుదల మూడవది, చేపల పెంపకం అయిదవది. చెరువును పోషించడం మీ బాధ్యత, పాట డబ్బు దాని ఫలితం. మీ పరిధిలో మత్స్యకార సంఘం ఉంటే ముందుగా వారితో మాట్లాడండి. ఎవరికిచ్చినా కనీసం మూడేళ్ల గడువు పెట్టి, ఈ షరతులు రాయించండి: నడిమి మడుగు తోడకూడదు, కోళ్ల వ్యర్థాలు, కుళ్లిన మాంసం వేయకూడదు, తొలకరి నెలల్లో ఒడ్డు గడ్డిలో వల దించకూడదు, పాట సొమ్ముతో పాటు బయానా కట్టి, షరతు తప్పితే అది వదులుకోవాలి. విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం కిందనే నేరం, దానికి మీ అనుమతితో పని లేదు, నేరుగా ఫిర్యాదు చేయండి.

కోళ్ల వ్యర్థాల విషయంలో సభ్యులకు మాటలతో చెప్పడం కంటే ఒకరోజు తెల్లవారుజామున గట్టు మీదికి తీసుకువెళ్లండి. కుళ్లే పదార్థం రాత్రంతా నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. నాచు కూడా చీకట్లో వాయువును ఇవ్వదు, తీసుకుంటుంది. అందుకే సూర్యోదయానికి ముందు అది అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళ చేపలు నోళ్లు తెరిచి నీటి అంచున వరసగా నిలబడి గాలి మింగుతుంటాయి, పచ్చటి నీటిలోంచి వాసన వస్తుంది. పశువులు తాగేదీ ఊరి బోర్లకు ఊరేదీ ఆ నీరే. ఈ నష్టం పాట సొమ్ములోంచి తీసేస్తే మిగిలే ఆదాయం ఎంతో సభలో అడగండి.

పాట సొమ్ములో అయిదో వంతు తిరిగి చెరువుకే ఖర్చు చేయాలని తీర్మానం చేయించగలిగితే మిగతా దారులు తెరుచుకుంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామ పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం పారిశుధ్యానికీ, తాగునీరు, వాననీటి నిల్వలకూ కట్టుబడి ఉన్నవి. ఊరి మురుగు కాలువ చెరువులో కలవకుండా మళ్లించడం అలాంటి డబ్బుతో చేయదగిన పని. నా దృష్టిలో చాలా చెరువులకు మొదటి వైద్యం అదే.

*ప్రశ్న: విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాను. రాజాం దగ్గర మా ఊరి చెరువును బాగు చేయాలని స్నేహితులం అనుకుంటున్నాం. చుట్టూ సిమెంటు కట్టి, నడకదారి, దీపాలు, పడవ షికారు పెడదామని ఆలోచన. అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లు డబ్బు పంపుతామంటున్నారు. ఏదైనా కంపెనీని కూడా అడుగుదామనుకుంటున్నాం.*
*– ఒక యువ ఇంజనీరు*

జవాబు: ఊరి మీద మీకున్న మమకారానికి నమస్కారం. కాని చెరువు చుట్టూ సిమెంటు కట్టవద్దు. నిలువు గోడ కట్టిన చెరువుకు ఒడ్డు ఉండదు. ఒడ్డు లేని చెరువులో పరిగె గుడ్డు పెట్టదు, కప్ప ఎక్కలేదు, గేదె దిగలేదు, వల విసిరేవాడికి కాలు ఆనదు. 2022లో మొదలైన అమృత్ సరోవర్ కార్యక్రమంలో జిల్లాకు 75 చొప్పున చెరువులు బాగుచేయాలన్నారు. కనీసం ఎకరం విస్తీర్ణం, సుమారు 10,000 ఘనపు మీటర్ల నిల్వ ఉండాలన్నారు. నీటి నిల్వను లక్ష్యంగా పెట్టడం సరైనదే. అలంకారం దాన్ని మింగేయకుండా చూసుకోవాలి. మీ దగ్గరున్న డబ్బుతో వరసగా నీరొచ్చే కాలువ బాగుచేయడం, మురుగు మళ్లించడం, నడిమి మడుగు తవ్వించడం, గుర్రపుడెక్క తీయించడం – ఈ నాలుగూ చేయండి. గుర్రపుడెక్కను ఒక్కసారి తీసి వదిలేస్తే నెలల్లో తిరిగి అల్లుకుంటుంది. అయిదేళ్ల పాటు ఏటా రెండుసార్లు తీయించే కూలి పక్కన పెట్టిన తరువాతే మొదటిసారి చేయి పెట్టండి. మిగిలితే గట్టు మీద మట్టి బాట, నేరేడు, కానుగ మొక్కలు చాలు.

డబ్బు విషయంలో రెండు జాగ్రత్తలు. విదేశాల్లో ఉన్న మీ వాళ్లలో ఇంకా భారత పౌరులుగానే ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే మాత్రం 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది, ఆ చట్టం కింద నమోదైన, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ తప్ప ఇంకెవరూ పుచ్చుకోకూడదు. మంచి పని కదా అని మీ పేరున ఖాతాలో వేయించుకుంటే చిక్కుల్లో పడేది మీరే. ఎవరు ఏ పాస్‌పోర్టు మీద ఉన్నారో ముందే అడిగి తెలుసుకోండి, మొహమాటపడకండి.

ఇక కంపెనీలు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఏడాదికి నికర లాభం 5 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర విలువ 500 కోట్లు దాటిన కంపెనీ గడచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. పర్యావరణ సమతుల్యం, నీటి నాణ్యత కాపాడడం ఆ చట్టం ఏడవ షెడ్యూలులో ఉన్నాయి. స్నేహితుల బృందానికి ఈ డబ్బు నేరుగా రాదు. అర్హత పొంది నమోదైన ట్రస్టు, సొసైటీ వంటి సంస్థ ద్వారానే రావాలి. అలాంటి సంస్థను ఎంచుకునేటప్పుడు వారు మీ ఊరి మత్స్యకారులతో ఎన్నిసార్లు కూర్చున్నారో చూడండి. కంపెనీవారు సాధారణంగా ఒక ఏడాదిలో ముగిసే పని కోరతారు. మీరు మూడేళ్ల పోషణతో కలిపిన ప్రతిపాదనే ఇవ్వండి, తగ్గించమంటే పనిని తగ్గించండి గాని పోషణ ఏళ్లను తగ్గించకండి.

*ప్రశ్న: విజయనగరంలో చేపలు అమ్ముతాను. రోజుకు ఇంత అని వడ్డీ కట్టే అప్పు మీద వ్యాపారం సాగుతోంది. రైతులకిచ్చే కార్డు మాకు కూడా ఇస్తారా?*
*– ఒక చేపల వ్యాపారి, రాయించి పంపినది*

జవాబు: ఇస్తారమ్మా. 2018–19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డును చేపలు పట్టేవారికీ, పెంచేవారికీ కూడా వర్తింపజేశారు; స్వయం సహాయక సంఘాలు, మహిళా బృందాలు కూడా అడగవచ్చు. ఏడాదికి 7 శాతం వడ్డీతో వచ్చే ఈ రుణాన్ని గడువులోగా తీర్చితే 3 శాతం తగ్గింపు ఉంటుంది, అంటే మీ మీద పడేది 4 శాతం. మీరు ఇప్పుడు కట్టే వడ్డీని ఏడాది మీద లెక్క వేయించి చూడండి. ఒంటరిగా బ్యాంకుకు వెళ్లకుండా, మీ మత్స్యకార సంఘం సభ్యత్వ కాగితం, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుని, ఇంకో నలుగురితో కలిసి, మీ ప్రాంతపు మత్స్యశాఖ సిబ్బంది చేత దరఖాస్తు పంపించుకోండి. ఈ ఉత్తరం చెరువు శీర్షికలో ఎందుకు వేశానని ఎవరైనా అడగవచ్చు. రోజువడ్డీ తరుముతుంటే ఎదగని చేపను పట్టక తప్పదు, అందుకే.

*ప్రశ్న: తేలినీలాపురం పక్షులు మా చెరువుల మీద వాలి వేసిన పిల్లలను తినేస్తున్నాయి. సైబీరియా నుంచి వచ్చే పక్షులకు ఇంత గౌరవం ఇస్తున్నాం, మా నష్టం ఎవరికీ పట్టదా?*
*– టెక్కలి మండలం నుంచి ఒక పాఠకుడు*

జవాబు: అక్కడ గూళ్లు కట్టేవి ముఖ్యంగా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. అవి సైబీరియా పక్షులన్న మాట వాడుకలో ఉంది గాని, ఈ రెండూ మన దక్షిణాసియా ప్రాంతంలోనే గుడ్లు పెట్టి పిల్లలను చేసే పక్షులు. వానాకాలం ముగిశాక గూళ్ల కోసం తేలినీలాపురం చేరి, పిల్లలు ఎగరగలిగాక వెళతాయి. ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు ఆ ఊరివారు వాటిని చూసుకుంటారు. ఆ ఆదరం వల్లనే అవి ఇంకా మిగిలాయి. మీ నష్టం కూడా నిజమే. అవి ఎక్కువగా మేసేది నౌపడ చిత్తడి నేలల్లో. ఆ నేలలు కుంచించుకుపోయే కొద్దీ మీ చెరువుల మీద భారం పెరుగుతుంది. సోంపేట బీల (చిత్తడి) నేలలను విద్యుత్ కేంద్రానికి ఇవ్వవద్దని 2010లో మన జిల్లావాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నది గుర్తుంటే, చిత్తడి నేల అంటే పనికిరాని నేల కాదని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పటికి చేయగలిగినది ఇది. పక్షులు వచ్చే నెలల్లో చిన్న పిల్లలను వేయకండి. వేసేవి నర్సరీ గుంటలో పెంచి 100 మిల్లీమీటర్లు దాటినవై ఉండాలి. చెరువు నడిమి మడుగులో తుమ్మకంపలు కట్టలుగా వేసి రాళ్లతో అణచండి. ఆ కంపల నీడన చేప పక్షి నుంచీ, రాత్రిపూట వేసే దొంగ వల నుంచీ కూడా తప్పించుకుంటుంది. నర్సరీ గుంట తవ్వకానికీ కంపలకూ అయ్యే ఖర్చు అంచనా వేసి, ఆ కాగితం అటవీశాఖకూ మత్స్యశాఖకూ ఒకేసారి ఇవ్వండి. పక్షులను కాపాడడం ఒకరి పని, చేపను పెంచడం ఇంకొకరి పని అని రెండు కార్యాలయాలూ అనుకుంటే ఖర్చు మొత్తం మీ మీదే పడుతుంది. రెండింటిలోనూ అందిన ముద్రలు వేయించుకుని, నకళ్లు మీ సంఘం పుస్తకంలో అంటించుకోండి.